సీనియర్లను ‘ఆగండి’ అనేదెలా?

పీడీ మేడమ్‌కు ఉత్తరం
(హనుమకొండలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరైన మేడమ్, ఆటలు, సాహసాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబిస్తారు.)

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 24 ఏళ్లు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఆదివారాలు ఒక క్లైంబింగ్ గ్రూప్‌తో గుట్టలకు వెళ్తాను. చేరి ఇంకా రెండేళ్లు కాలేదు. సేఫ్టీ చూసుకునే అన్నకు హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో ఆ పని నాకు అప్పగించారు. లిస్టు రాయడం, హెల్మెట్లు లెక్కపెట్టడం అంతే కదా అని సరే అన్నాను. తీరా చూస్తే ఎవరు దిగాలి, ఎవరు ఆగాలి అని చెప్పాల్సింది కూడా నేనే. మా అన్నలు పదిహేనేళ్లుగా ఎక్కుతున్నవాళ్లు. మొన్న వాన పడిన మర్నాడు పాండవుల గుట్టల దగ్గర “ఈ రోజు వద్దన్నా” అంటే, “నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవ్ చెల్లె, మాకు తెల్వదా” అని నవ్వి తాడు వేశారు. ఏమీ కాలేదు. దాంతో నా మాటకు ఉన్న కాస్త విలువ కూడా పోయింది. వాళ్లకు తెలిసినంత నాకు తెలియదన్నది నిజమే. అలాంటప్పుడు వాళ్లను నేనెలా ఆపాలి? ఈ పని వదిలేయాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వదిలేయకు బిడ్డా. ముందు ఆ వాన సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ నీ మాటే కరెక్టు. మన హనుమకొండ చుట్టుపక్కల కనిపించేది గ్రానైట్. వాన వెలిసి నాలుగు గంటలు ఎండ కాస్తే చాలావరకు ఆరిపోతుంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు అలా కాదు, అది ఇసుకరాయి. ఇసుక రేణువులను పట్టి ఉంచే పదార్థం తడిస్తే మెత్తబడి పట్టు వదులుతుంది. పైపైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే తగులుతుంది, లోపల తడి ఉంటుంది. అందుకే ఇసుకరాయి మీద ఎక్కేవాళ్లు ఏ దేశంలోనైనా పెద్ద వాన తర్వాత ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగుతారు. పట్టుకున్న అంచు విరిగితే మనిషికి దెబ్బ, బండకూ దెబ్బ. ఆ గుట్టల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. వాటి దగ్గర్లో తాడు రాపిడి, చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి మరకలు ఏ రోజైనా తప్పే, వాన పడినా పడకపోయినా.

“ఏమీ కాలేదు” అన్న మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. మీ అన్నలకు అదే సాక్ష్యం అయిపోయింది. తడి బండ మీద పదిసార్లు ఎక్కి ఏమీ కాకపోతే, ఆ బండ గట్టిదని రుజువైనట్టు కాదు. విరిగే చోట అప్పటిదాకా ఎవరి బరువూ పడలేదని మాత్రమే అర్థం. వాళ్లకు ఈ మాట కోపంతో చెప్పకు. కానీ నీ మనసులో మాత్రం గట్టిగా ఉంచుకో, లేకపోతే మరో రెండు నెలలకు నువ్వు కూడా “ఏమీ కాదులే” అనడం మొదలుపెడతావు.

ఇక నీ అసలు ప్రశ్న. తక్కువ తెలిసినవాళ్లు ఎక్కువ తెలిసినవాళ్లను ఆపవచ్చా? ఆపాలి. కాలేజీలో నేను ఏ క్యాంపుకు పిల్లలను తీసుకెళ్లినా ముందు రోజు ఒక విమానం కథ చెప్పేదాన్ని. నీకూ చెబుతాను.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, పొగమంచు కమ్ముకున్న రన్‌వే మీద రెండు జంబో జెట్లు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. టేకాఫ్ కోసం పరుగు తీసిన, నెదర్లాండ్స్ సంస్థ కె.ఎల్.ఎం. విమానానికి కెప్టెన్‌గా ఉన్నాయన ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చేంత సీనియర్. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి ఊరుకున్నాడు. అనుమానం నిజమైంది. ఆ ప్రమాదం తర్వాతి సంవత్సరాల్లో విమానయాన సంస్థలు ఒక కొత్త పాఠం నేర్పడం మొదలుపెట్టాయి: కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు ఎలా అడగాలి, పెద్దవాళ్లు ఎలా వినాలి అని. ఇప్పుడు ఆ శిక్షణ లేకుండా ఎవరూ ప్రయాణికుల విమానం నడపలేరు.

ఆ ఇంజనీర్‌కు విమానం నడపడం కెప్టెన్ కన్నా బాగా తెలియాల్సిన పని లేదు. ఆయనకు కావలసింది రెండోసారి అడిగే ధైర్యం, ఆ అడగడాన్ని తప్పుపట్టని పద్ధతి. నీ గ్రూప్‌లో నువ్వు తేవాల్సింది ఆ పద్ధతి. అన్నల కన్నా బాగా ఎక్కి చూపించి గౌరవం తెచ్చుకుందామని మాత్రం అనుకోకు. దానికి పదిహేనేళ్లు పడుతుంది, ఈలోపు ఆదివారాలు చాలా వస్తాయి.

పద్ధతిని గుట్ట మీద తేలేవు. గుట్ట మీదికి వెళ్లాక అందరికీ ఎక్కాలన్న ఆత్రం, పెట్రోల్ ఖర్చు పెట్టుకుని వచ్చామన్న బాధ, కొత్తవాళ్లు చూస్తున్నారన్న బింకం. అక్కడ “వద్దు” అంటే ఎవరికైనా అవమానంగానే ఉంటుంది. కాబట్టి ఏదో ఒక సాయంత్రం అందరూ చాయ్ దగ్గర తీరిగ్గా కూర్చున్నప్పుడు మాట్లాడు. “అన్నా, ఈ పని నాకు మీరే ఇచ్చిన్రు. ఆపే అధికారం కూడా ఇస్తున్నరా లేదా, అది చెప్పుండ్రి” అని సూటిగా అడుగు. ఇస్తే అందరి ముందూ ఇవ్వాలి, కొత్తవాళ్ల ముందు కూడా. అదే కూర్చోవడంలో ఒక నియమం ఒప్పించు: తాడు వేయాలంటే అందరూ సరే అనాలి, ఆగాలంటే ఒక్కరు చాలు. ఆ ఒక్కరు ఎవరైనా కావచ్చు, ఆ రోజే చేరిన పిల్లవాడైనా సరే. కారణం అక్కడికక్కడే నిరూపించాల్సిన పని లేదు.

మా క్యాంపుల్లో నేను విజిల్‌ను ఎప్పుడూ ఫస్టియర్ పిల్లల్లో ఒకరి మెడలో వేసేదాన్ని. అది ఊదితే నాతో సహా అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగాలి. ఒక అమ్మాయి ఉండేది, తరగతిలో నోరు విప్పేది కాదు. పద్మాక్షి గుట్ట వైపు ప్రాక్టీసులో ఒకరోజు ఊదేసింది. ఏమిటమ్మా అంటే, పైన తాడు బండ అంచుకు రాసుకుంటోంది, దాని కింద పెట్టిన గోనెపట్టా పక్కకు జరిగింది అంది. మా థర్డ్ ఇయర్ పిల్లలు నలుగురు అక్కడే ఉన్నారు, ఎవరూ చూడలేదు. వాళ్ల దృష్టంతా దిగుతున్నవాడి మీదే ఉంది. ఆ అమ్మాయికి చేసే పని ఇంకేమీ లేదు కాబట్టి తాడును చూస్తూ నిలబడింది. కొత్తవాళ్లకు ఉండే లాభం అది. పాతవాళ్ల కంటికి అలవాటైపోయినవి వాళ్లకు ఇంకా కనిపిస్తాయి.

మాట్లాడే తీరు గురించి. మొదట నిన్ను నువ్వు చూపించుకో. “అన్నా, నా ముడి చూడు, నా బకిల్ చూడు, క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) లాక్ పడ్డదా చూడు” అని ప్రతిసారీ వాళ్లతోనే చెక్ చేయించుకో. ఆ తర్వాత “ఇప్పుడు నీది చూపించన్నా” అంటే కాదనడం కష్టం. చెక్ చేసేటప్పుడు కంటితో చూసి వదిలేయకు, చేత్తో పట్టి లాగి చూడు. ఏదైనా తేడా కనిపిస్తే ప్రశ్నగా అడుగు. వినకపోతే రెండోసారి ప్రశ్న వద్దు, సూటిగా చెప్పు: “జర ఆగన్నా. ఈ యాంకర్ (తాడును బండకు కట్టి ఉంచే ఏర్పాటు) నాకు సరిగ్గ అనిపిస్తలేదు. ఇంకెవరన్న చూసేదాక నేను ఎవ్వర్నీ దింపను.” రెండుసార్లు చెప్పాక కూడా వినకపోతే మూడోసారి వాదించాల్సిన పని లేదు, నీ చేతుల్లో ఉన్నది ఆపెయ్. బిలే పట్టకు, అంటే ఎక్కేవాళ్ల తాడును పట్టి కాపాడే పని చేయకు. కొత్తవాళ్లను పంపకు. తాడు దగ్గర నిలబడి ఉండే హక్కు నీకు వాళ్లే ఇచ్చారు.

ప్రాణానికి సంబంధించినది అయితే అప్పుడే, అందరూ వినేలా చెప్పు. ఎదుటివాళ్లకు సిగ్గవుతుందేమోనని ఆలోచించకు. మిగతావి, అంటే ఆలస్యంగా రావడం, కొత్తవాళ్ల మీద అరవడం లాంటివి తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా చెప్పు. నలుగురిలో అన్న మాట కుర్రవాళ్లకన్నా నలభై ఏళ్లవాళ్లకే ఎక్కువ గుచ్చుకుంటుంది.

తెలియకపోవడం గురించి ఒక్కటి గుర్తుంచుకో. తెలియనిదాన్ని తెలిసినట్టు ఓకే చేయకు. అది మాత్రం తప్పు. “నాకు ఇది అర్థం కాలేదు, చెప్పన్నా” అని అడుగు. సరిగ్గా కట్టినవాళ్లు ఒక్క నిమిషంలో చెప్పేస్తారు, చాలామందికి చెప్పడం ఇష్టం కూడా. చెప్పలేక విసుక్కుంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

చూడటం నేర్చుకోవడానికి పదిహేనేళ్లు పట్టని విషయాలు చాలా ఉన్నాయి. క్యారబినర్ మీద అంకెలు చెక్కి ఉంటాయి, చదువు. పొడవునా బరువు పడితే 20 కిలోన్యూటన్లకు (సుమారు రెండు టన్నుల బరువుకు) పైగా ఆగేది, అడ్డం తిరిగితే దాదాపు మూడో వంతుకే విరగవచ్చు. యాంకర్‌కు రెండు స్లింగులు (బలమైన పట్టీలు) కట్టినప్పుడు వాటి మధ్య కోణం చూడు. 60 డిగ్రీల లోపు ఉంటే బరువు బాగానే పంచుకుంటాయి. 120 డిగ్రీలకు వెళ్తే ఒక్కో స్లింగు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది, అంటే రెండు కట్టిన లాభం పోయినట్టే. ర్యాపెలింగ్ తాడు, అంటే పట్టుకుని కిందికి దిగే తాడు, రెండు కొసలకూ ముడి ఉందా? తాడు కొనేటప్పటి తేదీ ఎక్కడైనా రాసి ఉందా? అసలు వాడకపోయినా పదేళ్లు దాటిన తాడును తీసేయమనే తయారీదారులు చెబుతారు.

ఇంకొకటి, చాలా గ్రూపుల్లో ఎవరూ అడగనిది: వారమంతా ఆ తాడు ఎవరింట్లో, ఏ గదిలో ఉంటోంది? మన ఇళ్లల్లో సామాన్ల గది, ఇన్వర్టర్ బ్యాటరీ రెండూ ఒకచోటే ఉంటాయి. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది, పైకి మరక కూడా కనిపించకపోవచ్చు. చూడటానికి కొత్తగా ఉన్న తాడే తెగవచ్చు. ఈ వారం వెళ్లి చూడు. బ్యాటరీ పక్కన ఉన్న తాడైతే దానికి యాసిడ్ తగలలేదని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి పక్కన పెట్టేయాల్సిందే. ఖరీదైనదే, తెలుసు. అందుకే ఆ మాట చెప్పడానికి ఒక మనిషి కావాలి.

పరీక్షలు అయ్యాక ఒక నెల వీలు చేసుకోగలిగితే డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ బేసిక్ కోర్సు చెయ్. 28 రోజులు. అక్కడ ముడులతో పాటు, ఎవరు ఎవర్ని చెక్ చేయాలన్న క్రమశిక్షణ ఒంటికి పడుతుంది.

ఇవన్నీ చేసినా వినకపోతే? అప్పుడు పని వదిలెయ్, చెప్పి వదిలెయ్. “నేను ఆపితే ఆగరు కాబట్టి సేఫ్టీ నేను చూస్తున్ననని కొత్తోళ్లకు చెప్పకుండ్రి” అని అందరి ముందు చెప్పు. నీ పేరు చూసి ఎవరో ఒక తల్లి తన బిడ్డను పంపుతోంది. ఆ తల్లికి నిజం తెలియాలి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. క్లైంబింగ్ మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మా బృందంలో ఈ మధ్య కొత్త కుర్రాడికి చెకింగ్ పని ఇచ్చారు. నేను ఎక్కే ముందు నా హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ) పట్టుకుని లాగి చూస్తున్నాడు, అదీ నేను శిక్షణ ఇస్తున్న పిల్లల ముందు. అతనికి ముడి వేయడం నేర్పింది నేనే. ఇది పద్ధతేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: పద్ధతే సార్. మీరు నేర్పిన ముడి అతనికి బాగా వచ్చిందన్నమాట, సంతోషించండి.

అమెరికా క్లైంబర్ లిన్ హిల్ పేరు మీకు తెలిసే ఉంటుంది. 1993లో అమెరికాలోని ఎల్ క్యాపిటన్ అనే నిలువు కొండ మీది ‘నోస్’ అనే దారిని తాడు మీద బరువు వేయకుండా మొట్టమొదట ఎక్కింది ఆవిడే. మగవాళ్లెవరూ అప్పటికి అలా ఎక్కలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1989లో, ఫ్రాన్స్‌లో ఆవిడకు చాలా తేలికైన దారి మీద ప్రమాదం జరిగింది. హార్నెస్‌లోకి తాడు దూర్చి, ముడి పూర్తి చేయకుండా బూట్ల కోసం వెళ్లారు. తిరిగి వచ్చాక ముడి సంగతి మరచిపోయారు. పైన జాకెట్ ఉండటంతో బయటికి కనిపించలేదు. పైదాకా ఎక్కి, దిగడానికి వెనక్కి వాలేసరికి తాడు ఊడి వచ్చేసింది. 70 అడుగులకు పైగా కింద పడ్డారు. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికారు. ముడి వేయడం రాక కాదు కదా. కొన్ని వేలసార్లు వేసిన చేయి అది. అన్నిసార్లు వేశాక చేయి తన పని తాను చేసేస్తుంది, మనసు వేరే చోట ఉంటుంది. ఈ తప్పు కొత్తవాళ్ల కన్నా మనబోటివాళ్లకే దగ్గర.

మరో అమెరికా క్లైంబర్ టాడ్ స్కిన్నర్ విషయం ఇంకా బాధాకరం. 2006 అక్టోబర్‌లో అమెరికాలోని యోసెమిటీలో లీనింగ్ టవర్ అనే కొండ నుంచి దిగుతుండగా హార్నెస్ బిలే లూప్ (ముందు భాగంలో బరువు మోసే పట్టీ) తెగి చనిపోయారు. 47 ఏళ్లు. లూప్ అరిగిందని తోటి క్లైంబర్ ముందే చూసి చెప్పాడు. కొత్త హార్నెస్‌కు ఆర్డర్ కూడా ఇచ్చారు. అది వచ్చేదాకా పాతదానితోనే వెళ్లారు. చూసినవాళ్లు, చెప్పినవాళ్లు ఉన్నారు. ఆపినవాళ్లు లేరు. అంత పెద్ద క్లైంబర్‌ను ఎవరు ఆపుతారు?

మీ కుర్రాడు మీ హార్నెస్ లాగుతున్నప్పుడు మీ ముందు నిలబడ్డ పిల్లలు ఏం చూస్తున్నారో ఒకసారి ఆలోచించండి. మా సార్ ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నాడు, అయినా చెక్ చేయించుకున్నాకే ఎక్కుతాడు అని చూస్తున్నారు. మీరు గంటసేపు చెప్పినా ఆ పాఠం అంత బాగా ఎక్కదు. మీరు విసుక్కున్నారనుకోండి, రేపు వాళ్లకు కాస్త అనుభవం రాగానే అదే విసుగు వాళ్లకూ వస్తుంది, అప్పుడు పక్కన మీరు ఉండరు.

ఒక్క విన్నపం. వచ్చే ఆదివారం అతను అడగకముందే మీరే వెళ్లి “నాది చూడు తమ్మీ” అనండి. అతను ఏదైనా తప్పుగా పట్టుకుంటే, అంటే సరైన దాన్నే తప్పన్నాడనుకోండి, అప్పుడు కూడా దిగి, విప్పి, మళ్లీ కట్టండి. ఎందుకు సరైనదో తర్వాత చెప్పండి. తప్పుగా ఆపినందుకు అతను నవ్వులపాలైతే, నిజంగా ఆపాల్సిన రోజు నోరు మెదపడు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 19 ఏళ్లు. దోస్తులతో కలిసి గుట్టలు, జలపాతాలు అని తిరుగుతున్నాడు. నీళ్లలోకి దూకే వీడియోలు చూపిస్తుంటే నాకు గుండె ఆగినంత పని అవుతోంది. పూర్తిగా మానిపించమని వాళ్ల నాన్న అంటున్నారు. ఏం చేయను?
– ఒక తల్లి, ఆర్మూర్

జవాబు: అమ్మా, పూర్తిగా మానిపిస్తే చెప్పకుండా వెళ్తాడు, అది ఇంకా ప్రమాదం. మీ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ పిల్ల మొదట తాడు పట్టింది భువనగిరి బండ మీద, నేర్పేవాళ్ల కళ్ల ముందు. మీ అబ్బాయి విషయంలో కూడా నేర్పేవాళ్లు ఉన్నారా అన్నదే చూడాలి.

అతన్ని తిట్టకుండా ఒక ప్రశ్న అడగండి: “మీలో వద్దు అని చెప్పేది ఎవరు? చెప్తే మిగతావాళ్లు ఆగుతారా?” తడుముకోకుండా ఒక పేరు చెప్పి, ఫలానా రోజు ఆగాం అని ఒక సంగతి చెప్పగలిగితే అది కాస్త బుద్ధిగా నడిచే గుంపు. “మాకందరికీ తెలుసమ్మా” అంటే ఎవరూ లేరని అర్థం.

నీళ్ల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. గుట్ట మీద తప్పు జరిగితే ఆపడానికి తాడు ఉంటుంది, నీళ్లలోకి దూకినవాడికి ఏమీ ఉండదు. పోయినసారి లోతుగా ఉన్న మడుగులో ఈసారి వరదకు కొట్టుకొచ్చిన బండ ఉండవచ్చు. ఇక్కడ చినుకు లేకపోయినా పైన అడవిలో కురిసిన వానకు వాగు నిమిషాల్లో పొంగుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లినవాళ్లు పదులమంది, తిరుగుదారిలో వాగు పొంగి రాత్రి అడవిలో చిక్కుకుపోయారు. ఎన్‌డీఆర్ఎఫ్ వాళ్లు వెళ్లి తీసుకొచ్చారు. అటవీశాఖ వద్దన్న చోటికి వద్దనే చెప్పండి, ఇందులో బేరం లేదు.

గుట్టలకైతే వెళ్లనివ్వండి. వెళ్లే ముందు ఎక్కడికి, ఎవరి బండి మీద, ఎన్నింటికి తిరిగి వస్తారు అన్నవి మీ ఫోన్‌కు రాసి పంపమనండి. గుంపును నడిపించే అతని నంబర్ తీసుకుని ఒకసారి మీరే మాట్లాడండి. గుట్టల మధ్య సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు కాబట్టి, 108కి ఫోన్ చేయాల్సి వస్తే ఎక్కడి నుంచి చేస్తారు, దారి చూపడానికి రోడ్డు మీదికి ఎవరు వస్తారు అని అడగండి. వాటికి జవాబులు వాళ్ల దగ్గర లేకపోతే, అవి తెలుసుకునేదాకా ఈ ఆదివారం ఇంట్లోనే ఉండమనండి.